ఆ పాయింట్లకి ఎన్ని వంతులు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకు ఇరవై నిమిషాలిచ్చారు. విషయం బాస్కెట్‌బాల్ అన్నారు. లెక్కలు కాస్త తక్కువగా చెప్పమని కూడా అన్నారు. స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి పిలిచి లెక్కలు తగ్గించమనడం వంటవాణ్ణి పిలిచి పొయ్యి ముట్టించొద్దనడం లాంటిది. అయినా చూస్తాను.

సంగతేమిటంటే, మన క్రీడల కమిటీ ఈ స్వర్ణోత్సవానికి ఒక పని తలపెట్టింది. యాభై ఏళ్ళలో మన బడి తరఫున ఆడిన బాస్కెట్‌బాల్ క్రీడాకారుల్లో అయిదుగురు మేటిల్ని ఎంచి, వాళ్ళ పేర్లు కొత్త కోర్టు గోడ మీద రాయిస్తారట. చాలా మంచి పని. ఎలా ఎంచుతారని అడిగాను. పాత స్కోర్ పుస్తకాలున్నాయి కదా, ఆటకి సగటున ఎవరు ఎక్కువ పాయింట్లు చేస్తే వాళ్ళే, ఇందులో గొడవేముంది అన్నారు. ఆ గొడవేదో చెప్పడానికే ఈ ఇరవై నిమిషాలు. గోడ మీద ఒకసారి రంగుతో రాశాక తుడపడం కష్టం.

మన ఊళ్ళలో రైతుని ఎవరైనా ఏమని అడుగుతారు? "ఈ ఏడు ఎన్ని బస్తాలయ్యాయి?" అని ఊరుకుంటారా? వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: "ఎకరాకి ఎంత?" ఇరవై ఎకరాల ఆసామికి ఆరు వందల బస్తాలు వచ్చాయంటే, రెండెకరాల చిన్న రైతుకి ఎనభై వచ్చాయంటే, ఎవరి సేద్యం బాగుందో బడికి వెళ్ళని వాళ్ళు కూడా చిటికెలో చెప్పేస్తారు. అదే మనుషులు ఆటల దగ్గరకొచ్చేసరికి మొత్తం బస్తాలు చూసి చప్పట్లు కొడతారు.

క్రికెట్‌లో మాత్రం ఈ తెలివి మనకి ఉంది. మన సంఘం పుట్టిన 1975లోనే మొదటి ప్రపంచ కప్పు. లార్డ్స్‌లో ఇంగ్లండ్ 60 ఓవర్లలో 334 కొట్టింది. మన గవాస్కర్ చివరిదాకా అవుటవకుండా నిలబడి 36 పరుగులు చేశాడు. ముప్పై ఆరు అంటే మరీ అంత తీసిపారేసే స్కోరేం కాదే అనిపిస్తుంది, పక్కన 174 బంతులు అని చూసేదాకా. పరుగుల పక్కన బంతులు రాయడం క్రికెట్ చూసే ప్రతివాడికీ అలవాటైంది. బాస్కెట్‌బాల్‌లో పాయింట్ల పక్కన ఏం రాయాలి? అక్కడ బంతికి సమానమైనది ఏది?

దాన్ని ఇంగ్లీషులో పొసెషన్ అంటారు. నేను వంతు అంటాను. బంతి మన జట్టు చేతికి వచ్చిన దగ్గర్నుంచి అవతలి జట్టు చేతికి పోయేదాకా ఒక వంతు. బుట్టలో పడితే వంతు అయిపోయినట్టే. షాట్ తప్పి వాళ్ళు రీబౌండ్ పట్టుకున్నా, మన చేతిలోంచి లాక్కున్నా అయిపోయినట్టే. మన షాట్ తప్పి మనమే రీబౌండ్ పట్టుకుంటే మాత్రం పాత వంతే కొనసాగుతుంది. ఇందులో ఒక చక్కటి సంగతి ఉంది. మన వంతు అయిపోగానే వాళ్ళ వంతు, వాళ్ళది అవగానే మనది. కాబట్టి ఒక ఆటలో రెండు జట్లకీ వంతులు దాదాపు సమానం. మహా అయితే ఒకటో రెండో తేడా. కానీ ఒక ఆటకీ ఇంకో ఆటకీ, ఒక కాలానికీ ఇంకో కాలానికీ ఈ వంతుల సంఖ్య విపరీతంగా మారిపోతుంది. ఆటలో ఎన్ని వంతులు నడిచాయన్నదే పేస్, అంటే ఆట వేగం.

ఎంత విపరీతమో చెప్తాను. 1950 నవంబర్ 22న అమెరికాలో మినియాపొలిస్ లేకర్స్‌కీ, ఫోర్ట్ వేన్ పిస్టన్స్‌కీ ఎన్‌బీఏ ఆట జరిగింది. లేకర్స్ దగ్గర జార్జ్ మైకన్ అనే ఆజానుబాహువు ఉన్నాడు. అతన్ని ఎదుర్కోలేమని పిస్టన్స్ వాళ్ళు బంతిని చేతుల్లో పెట్టుకుని కూర్చున్నారు. అప్పటికి ఇన్ని సెకన్లలో షాట్ వేయాలన్న నియమం లేదు. 48 నిమిషాల ఆట 19-18తో ముగిసింది. పిస్టన్స్ గెలిచారు. డబ్బిచ్చి చూడ్డానికొచ్చిన జనం ఏమన్నారో మీరే ఊహించుకోండి.

ఆ జబ్బుకి మందు 1954లో వచ్చింది. సిరక్యూస్ జట్టు యజమాని డానీ బయాసోన్ ఒక చిన్న భాగహారం చేశాడు. జనం మెచ్చిన ఆటల్లో రెండు జట్లూ కలిపి నూట ఇరవై షాట్ల దాకా వేస్తున్నాయి. ఆట నిడివి 48 నిమిషాలు, అంటే 2880 సెకన్లు. 2880ని 120తో భాగిస్తే 24. అదే 24 సెకన్ల షాట్ క్లాక్. ఆ ఒక్క నియమంతో జట్టు సగటు స్కోరు ఒక్క ఏడాదిలో 79.5 నుంచి 93.1కి ఎగబాకింది. ఏడాదిలో ఆటగాళ్ళందరి చేతికీ అంత నైపుణ్యం వచ్చిపడిందా? లేదు. పొలం విస్తీర్ణం పెరిగింది.

ఇప్పుడు ఇద్దరు మనుషుల దగ్గరికి వద్దాం. ఆస్కర్ రాబర్ట్‌సన్, రస్సెల్ వెస్ట్‌బ్రూక్. రాబర్ట్‌సన్ 1961-62 సీజన్‌లో ఆటకి సగటున 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టులు చేశాడు. మూడూ రెండంకెల్లో. ఒక సీజన్ మొత్తం సగటు మీద ట్రిపుల్ డబుల్ అన్నమాట. తర్వాత యాభై అయిదేళ్ళపాటు ఆ పని ఎవరివల్లా కాలేదు. 2016-17లో వెస్ట్‌బ్రూక్ చేశాడు: 31.6 పాయింట్లు, 10.7 రీబౌండ్లు, 10.4 అసిస్టులు. అంకెలు చూస్తే కవల పిల్లల్లా ఉన్నాయి. రాబర్ట్‌సన్‌వి రెండు అంకెలు కాస్త ఎక్కువే.

పక్కన వంతులు రాద్దాం. 1961-62లో ఒక జట్టుకి ఆటలో సుమారు 126 వంతులు. 2016-17లో సుమారు 96. ముప్పై వంతుల తేడా. అంతేకాదు, రాబర్ట్‌సన్ ఆటకి 44.3 నిమిషాలు కోర్టులో ఉన్నాడు. వెస్ట్‌బ్రూక్ 34.6 నిమిషాలే. రెండూ కలిపి చూస్తే, రాబర్ట్‌సన్ కోర్టులో ఉండగా అతని జట్టుకి వచ్చిన వంతులు ఆటకి 116 దాకా తేలతాయి. వెస్ట్‌బ్రూక్‌కి 70 కూడా లేవు. ఇప్పుడు ఎకరాకి ఎన్ని బస్తాలో లెక్క కడదాం. నూరు వంతులకి రాబర్ట్‌సన్ దగ్గర దగ్గర 26 పాయింట్లు, 11 రీబౌండ్లు, 10 అసిస్టులు. వెస్ట్‌బ్రూక్ 45 పాయింట్లు, 15 రీబౌండ్లు, 15 అసిస్టులు. కవలలు కాస్తా అన్నదమ్ముల్లా కూడా లేకుండా పోయారు.

రీబౌండ్ల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. రీబౌండ్ అనేది ఎవరో ఒకరు షాట్ తప్పితేనే పుడుతుంది. 1961-62లో ఒక్కో జట్టు ఆటకి 107 షాట్లకు పైగా వేసి, వాటిలో 42.6 శాతమే బుట్టలో వేసేది. 2016-17లో వేసేవి 85 షాట్లు, పడేవి 45.7 శాతం. పాతకాలంలో కోర్టు నిండా తప్పిన షాట్లే. అందుకే జట్టుకి ఆటకి 71 రీబౌండ్లు దొరికేవి. 2016-17లో 43. చెరువులో చేపలు ఎన్నున్నాయో చూడకుండా వల వేసినవాణ్ణి పొగడకూడదు.

ఇక్కడితో ఆపేస్తే పాతవాళ్ళకి అన్యాయం చేసినట్టే. ఈ లెక్క నేర్చుకున్న కుర్రాళ్ళు చాలామంది ఇక్కడే ఆపేసి, పాతవాళ్ళంతా ఉత్త డబ్బాలేనని తేల్చేస్తారు. ఇంకో మెట్టు ఉంది. వేసిన షాట్లకి ఎంత ఫలితం దక్కిందో చూద్దాం. ఫ్రీ త్రోలు కూడా కలిపి ఒక కొలమానం ఉంది. చేసిన పాయింట్లను, షాట్ల ప్రయత్నాలకి రెట్టింపుతో భాగించడమే. ఫ్రీ త్రోని పూర్తి ప్రయత్నంగా కాకుండా 0.44గా లెక్కేస్తారు. ఆ 0.44 ఎందుకంటే, ఫ్రీ త్రోలు ఎక్కువగా జంటగా వస్తాయి కాబట్టి ఒక్కోటి అరవంతు. బుట్ట పడ్డాక ఫౌల్ వల్ల అదనంగా వచ్చే ఒంటి ఫ్రీ త్రోకి కొత్త వంతు ఖర్చవదు కాబట్టి అర కంటే ఇంకాస్త తక్కువ. ఈ కొలమానంలో రాబర్ట్‌సన్‌కి ఆ సీజన్‌లో 55.4 శాతం వచ్చింది. వెస్ట్‌బ్రూక్‌కి ఎంతనుకుంటున్నారు? అదే 55.4. నేను రెండుసార్లు కట్టి చూశాను, మారలేదు. అయితే వెస్ట్‌బ్రూక్ కాలంలో లీగ్ మొత్తం సగటు 55.2. అంటే అతను అందరితో సమానం. రాబర్ట్‌సన్ కాలంలో లీగ్ సగటు 48 లోపే. తనతోటివాళ్ళకి అందనంత ఎత్తులో ఉన్నాడన్నమాట.

కాబట్టి వంతుల లెక్క రాబర్ట్‌సన్ నుంచి కొంత తీసేసుకుంది, రెండో లెక్క వడ్డీతో తిరిగిచ్చింది. నా మటుకు నాకు ఇందులో తేలేది ఒక్కటే. ఏ ఆటగాణ్ణయినా ముందు అతనితో ఆడినవాళ్ళ పక్కన నిలబెట్టి కొలవాలి. వాళ్ళకీ అవే వంతులు, అదే కోర్టు, అవే నియమాలు. ఆ తర్వాతే వేరే కాలం వాళ్ళ పక్కకి తీసుకెళ్ళాలి. పేస్ సరిచేయడం ఈ పనిలో మొదటి మెట్టు.

జట్లకి కూడా ఇదే. 1990-91లో డెన్వర్ నగెట్స్ కోచ్ పాల్ వెస్ట్‌హెడ్ తన జట్టుని పరుగులు పెట్టించాడు. ఆటకి సుమారు 114 వంతులు, ఆ ఏడాది లీగ్ సగటు 98. ఆటకి 119.9 పాయింట్లు చేసి లీగ్‌లోకెల్లా ఎక్కువ స్కోరు చేసే జట్టయింది. పేపర్ చదివేవాడు ఏమనుకుంటాడు, ఏం దాడి రా బాబూ అనుకుంటాడు. నూరు వంతులకి కట్టి చూస్తే 105 పాయింట్లు. లీగ్ సగటు 108కి దగ్గర. అంటే అత్యధిక స్కోరు చేసిన జట్టు దాడిలో సగటు కంటే తక్కువ. ఆటకి 130.8 పాయింట్లు ఇచ్చుకుని 82 ఆటల్లో 62 ఓడింది. ఆ జట్టులోనే మైకేల్ ఆడమ్స్ అనే పొట్టి గార్డు ఉన్నాడు. ముందటేడు 15.5 ఉన్న సగటు ఆ ఏడాది 26.5 అయింది. మరుసటేడు వాషింగ్టన్ జట్టుకి వెళ్ళాక 18.1. ఆ పెరుగుదల మొత్తం వేగం వల్లేనని నేను అనను, షాట్లు కూడా ఎడాపెడా వేశాడు. కానీ గోడ మీద పేరు రాయడానికి ఆ ఒక్క 26.5ని పట్టుకుంటే మోసపోతాం.

ఇప్పుడు అసలు పెద్దమనిషి దగ్గరికి వస్తున్నాను. విల్ట్ చేంబర్లిన్. ఇతని పేరు చెప్పకుండా ఈ విషయం మాట్లాడితే బాస్కెట్‌బాల్ ఆడినవాళ్ళెవరూ క్షమించరు. 1961-62లోనే, ఆటకి సగటున 50.4 పాయింట్లు. ఒక ఆటలో యాభై కాదు, 80 ఆటల సగటు యాభై. ఆ తర్వాతి తరాల్లో మహా మహులు చేసిన పెద్ద సీజన్లు తీసుకోండి: 1986-87లో మైకేల్ జోర్డాన్ 37.1, 2005-06లో కోబీ బ్రయంట్ 35.4, 2018-19లో జేమ్స్ హార్డెన్ 36.1. ఎవరూ దరిదాపుల్లో లేరు.

ఆయా సీజన్ల లీగ్ వేగంతో నూరు వంతులకి లెక్క కట్టాను. చేంబర్లిన్ 40కి కాస్త తక్కువ. జోర్డాన్ 44. బ్రయంట్ 46. హార్డెన్ 47. మొదటివాడు చివరికి పోయాడు. ఈ నలుగురి కోసమే ఇంకో కొలత కట్టాను. జట్టు చేసే మొత్తం పాయింట్లలో ఇతని భాగం ఎంత అని. చేంబర్లిన్ 40 శాతం. బ్రయంట్, జోర్డాన్ ఇద్దరూ 35, 36 మధ్య. హార్డెన్ 32కి లోపు. మళ్ళీ తలకిందులు! ఒకే నలుగురు, రెండు కొలతలు, వరస అటుదిటు.

ఇందులో ఏది అబద్ధం? రెండూ నిజమే. కిటుకు నిమిషాల్లో ఉంది. హార్డెన్ ఆటకి 36.8 నిమిషాలు ఆడాడు, జోర్డాన్ 40, బ్రయంట్ 41. చేంబర్లిన్ ఎన్ని నిమిషాలో చెప్తే మీరు అచ్చుతప్పు అనుకుంటారు: 48.5. ఆట నిడివే 48 కదా అంటారు. ఓవర్‌టైమ్‌లు కూడా కలిశాయి. సీజన్ మొత్తం బెంచీ మీద కూర్చోలేదని చెప్పుకోవచ్చు. ఎనభై ఆటలు, ఆటకి 126 వంతుల వేగంతో, ఆ చివర నుంచి ఈ చివరకి, ఈ చివర నుంచి ఆ చివరకి.

మళ్ళీ పొలానికే రావాలి. పెరట్లో అరెకరం ఉన్నవాడు మొక్కమొక్కకీ నీళ్ళు పోసి, ఎరువు చేతితో వేసి, ఎకరాకి లెక్క కడితే జిల్లాలో ఎవరికీ రానంత దిగుబడి తీస్తాడు. అతనికి ఇరవై ఎకరాలు అప్పజెప్పి అదే దిగుబడి రమ్మంటే వస్తుందా? నూరు వంతుల లెక్కలో దాగి ఉన్న గడుసుతనం ఇది. వెస్ట్‌బ్రూక్ 70 వంతుల్లో చేసినదాన్ని నూరుకి పెంచి రాస్తాం. రాబర్ట్‌సన్ 116 వంతుల్లో చేసినదాన్ని నూరుకి తగ్గించి రాస్తాం. కాగితం మీద పెంచడానికి అలుపు లేదు, కోర్టు మీద ఉంటుంది. డెబ్భయ్యో వంతు దాటాక కాళ్ళు బరువెక్కిన ఆటగాడు, అవతల కాసేపు బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగి వచ్చినవాడు, ఇద్దర్నీ ఒక తక్కెట్లో పెట్టేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి. అందుకే నేను నూరు వంతుల అంకె చెప్పినప్పుడల్లా పక్కన నిమిషాలు కూడా చెప్తాను.

ఇంకో మాట. ఆ 126 అనే అంకె కూడా అంచనాయే. వంతులు లెక్కించాలంటే వేసిన షాట్లు, మన షాట్ తప్పితే మనమే పట్టుకున్న రీబౌండ్లు, పోగొట్టుకున్న బంతులు, ఫ్రీ త్రోలు తెలియాలి. షాట్లలోంచి ఆ రీబౌండ్లు తీసేసి, పోగొట్టుకున్న బంతులు కలిపి, ఫ్రీ త్రోల్లో 0.44 వంతు కలపడం సూత్రం. ఎన్‌బీఏలో ఆ రకం రీబౌండ్లను విడిగా రాయడం 1973-74లో మొదలైంది. పోగొట్టుకున్న బంతులు 1977-78 నుంచే. కాబట్టి అంతకుముందు కాలానికి ఉన్న అంకెలతో వెనక్కి లెక్క కట్టాల్సిందే. అంచనా అని తెలిసి వాడితే తప్పులేదు.

ఇక మన బడికి వద్దాం.

మన యాభై ఏళ్ళలో ఆట నియమాలే మూడు నాలుగుసార్లు మారాయి. మనం ఆడేది అంతర్జాతీయ నియమాల ఆట. అందులో మూడు పాయింట్ల గీత 1984లో వచ్చింది. అంతకుముందు బ్యాచ్‌ల వాళ్ళు ఎంత దూరం నుంచి వేసినా రెండే. షాట్‌కి 30 సెకన్ల గడువు 2000లో 24 అయింది. ఇరవై నిమిషాల రెండు సగాలు పోయి పది నిమిషాల నాలుగు క్వార్టర్లు వచ్చాయి. అదే సవరణలతో బంతిని సగం కోర్టు దాటించడానికున్న పది సెకన్లు ఎనిమిదయ్యాయి. 2010 నుంచి మూడు పాయింట్ల గీత 6.25 మీటర్ల నుంచి 6.75కి వెనక్కి జరిగింది. ఇవి పుస్తకంలో మారిన తేదీలు. స్కూళ్ళ పోటీల దాకా రావడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. అసలు మేం ఆడేటప్పుడు షాట్ క్లాక్ అంటే టేబుల్ దగ్గర కూర్చున్న సారు చేతి గడియారమే. సారుకి టీ వచ్చిందంటే గడువు పెరిగేది!

ఆటకి సగటు పాయింట్లని ఎంచితే ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పండి. అయిదు పేర్లూ 2000 తర్వాత వాళ్ళవే అవుతాయి. అయిదూ మగపిల్లలవే అవుతాయి. మన అమ్మాయిల జట్టు ఆటలు తక్కువ స్కోర్లతో ముగిసేవి, ముఖ్యంగా తొలి రోజుల్లో. తక్కువ ఆడారని కాదు. సగం కోర్టు మట్టి, సగం కంకర, బంతి ఒకటే, అదీ అబ్బాయిలు వదిలాక. ఇలాంటి కోర్టు మీద వంతులు ఎన్ని నడుస్తాయి?

మరి వంతుల లెక్క కట్టేద్దామా అంటే మన స్కోర్ పుస్తకాల్లో అది కుదరదు. నేను నాలుగు పుస్తకాలు తిరగేశాను. అధికారిక స్కోర్ షీట్‌లో పడిన బుట్టలుంటాయి, ఫ్రీ త్రోలుంటాయి, ఫౌళ్ళుంటాయి, ఎవరు ఆటలోకి దిగారో తెలుస్తుంది. తప్పిన షాట్లు ఉండవు. రీబౌండ్లు ఉండవు. పోగొట్టుకున్న బంతులు ఉండవు. ఎన్ని నిమిషాలు ఆడారో ఉండదు. వంతుల సూత్రానికి కావలసినవాటిలో ముఖ్యమైనవేవీ లేవు.

అయినా దారి ఉంది. ఇందాక చేంబర్లిన్‌కి కట్టిన రెండో కొలత గుర్తుందా, జట్టు పాయింట్లలో భాగం? దానికి వంతులు తెలియక్కర్లేదు. ఆట వేగంగా నడిస్తే ఆటగాడి పాయింట్లూ పెరుగుతాయి, జట్టు పాయింట్లూ పెరుగుతాయి. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే వేగం కొట్టేసుకుపోతుంది. ఎనిమిదో తరగతి లెక్కల్లో పైనా కిందా ఒకే అంకె ఉంటే కొట్టేస్తాం చూడండి, అంతే. లెక్కల టీచర్లు ఇక్కడే ఉన్నారు కాబట్టి ఇంతకంటే వివరించను.

దీని బలం చూపించడానికి రెండు ఆటలు చెప్తాను. 1962 మార్చి 2న పెన్సిల్వేనియాలోని హెర్షీలో చేంబర్లిన్ ఒక్క ఆటలో 100 పాయింట్లు చేశాడు. ప్రపంచమంతా తెలిసిన సంగతి. స్కోరు 169-147. చివర్లో అతని చేతికి బంతి పోకుండా న్యూయార్క్ వాళ్ళు మిగతావాళ్ళని ఫౌల్ చేయడం, బంతి తొందరగా వెనక్కి రావాలని ఇతని జట్టువాళ్ళు న్యూయార్క్ వాళ్ళని ఫౌల్ చేయడం! వంతులు వాటంతట అవి పెరగలేదు, పెంచారు. 169లో 100 అంటే 59 శాతం. రెండో ఆట మీకు తెలిసిందే, ఇందాకటి 19-18. అందులో ఓడిపోయిన లేకర్స్ 18 పాయింట్లలో మైకన్ ఎన్ని చేశాడో తెలుసా? 15. ఆ జట్టు వేసిన నాలుగు బుట్టలూ అతనివే. 83 శాతం. వంద పాయింట్ల ఆట అందరికీ తెలుసు, పదిహేను పాయింట్ల ఆట ఎవరికీ పట్టదు.

ఒక్క ఆటని బట్టి మైకన్ గొప్ప అని నేను అనడం లేదు. నాలుగు బుట్టల ఆటలో ఏ శాతమైనా రావచ్చు. అందుకే మన పుస్తకాల్లో ఒక క్రీడాకారుడివో క్రీడాకారిణివో కనీసం పది పన్నెండు ఆటలు దొరికితేనే లెక్కలోకి తీసుకుందామని కమిటీకి చెప్పాను. ఇంకో షరతు కూడా పెట్టాను. ఈ కొలతకి ఒక పక్షపాతం ఉంది: బలహీనమైన జట్టులో ఉన్న ఒంటరి మొనగాడికి భాగం ఎక్కువ వస్తుంది, నలుగురు మంచివాళ్ళున్న జట్టులో ఎవరికీ పెద్ద భాగం రాదు. కాబట్టి శాతం పక్కన ఆ ఏడు జట్టు ఎన్ని గెలిచి ఎన్ని ఓడిందో కూడా రాయాలి. అప్పుడు ఎంచేవాళ్ళు రెండూ చూసి మాట్లాడుకుంటారు.

ఇంకో లోపానికి నా దగ్గర మందు లేదు. తను పాయింట్లు చేయకుండా అవతలివాళ్ళ చేత చేయనివ్వని పిల్లలుంటారు. బంతిని నెమ్మదిగా తీసుకొచ్చి, తొందరపడే జట్టుని అదుపులో పెట్టే గార్డులుంటారు. ఆట వేగం తగ్గిందంటే వాళ్ళ పుణ్యమే. 2004లో డెట్రాయిట్ పిస్టన్స్ ఎన్‌బీఏ గెలిచింది చూడండి, ఆ సీజన్‌లో వాళ్ళు ఆటకి చేసింది 90.1, అవతలివాళ్ళ చేత చేయించింది 84.3. ఇలాంటివాళ్ళ పని ఏ స్కోర్ పుస్తకంలోనూ ఎక్కలేదు, ఏ భాగహారానికీ దొరకదు. దానికి చూసినవాళ్ళ నోటి మాటే ఆధారం. అందుకని అయిదింట్లో నాలుగు పేర్లు లెక్కతో తేల్చి, ఒకటి మాత్రం ఆ కాలపు వ్యాయామ ఉపాధ్యాయులకీ, ఎదురు జట్లలో ఆడినవాళ్ళకీ వదిలేయమని నా మనవి. ఎదురు జట్టువాడి మాటకి నేను ఎక్కువ విలువిస్తాను. మనవాణ్ణి పొగడాల్సిన అవసరం అతనికి లేదు.

ఇప్పుడు ఆడుతున్న పిల్లలకి ఒక చిన్న పని. స్కోర్ టేబుల్ పక్కన ఇంకో పిల్లనో పిల్లాణ్ణో ఒక రూళ్ళ నోటు పుస్తకంతో కూర్చోబెట్టండి. బంతి చేతులు మారినప్పుడల్లా ఒక గీత. అయిదు గీతలకి ఒక అడ్డగీత. మన జట్టుకి ఒక పేజీ, వాళ్ళకి ఒక పేజీ. చివర్లో రెండు పేజీలూ దాదాపు సమానంగా రాకపోతే ఎక్కడో గీత తప్పిపోయిందని తెలుస్తుంది, అదే సరిచూసుకునే పద్ధతి. ఏ ఆటగాడు ఏ నిమిషానికి దిగాడో, ఏ నిమిషానికి బయటికొచ్చాడో కూడా రాస్తే ఇంకేం కావాలి. షాట్లు, రీబౌండ్లు తర్వాత సంగతి.

పెద్దలకి మాత్రం వేరే విన్నపం. బడిలో దొరికిన స్కోర్ పుస్తకాల్లో మధ్యలో కొన్నేళ్ళవి లేవు. అమ్మాయిల జట్టువైతే సగం కూడా లేవు. ఎవరి ఇంట్లోనైనా అటక మీదో, పాత ట్రంకు పెట్టెలోనో ఉండొచ్చు. అట్ట ఊడినా, చెదలు కొంత తిన్నా ఫర్వాలేదు. చివరి స్కోరు, ఎవరు ఎన్ని చేశారో కనిపిస్తే చాలు. మధ్యాహ్నం భోజనాల దగ్గర క్రీడల కమిటీ బల్ల వేసి ఉంటుంది. పుస్తకం ఇవ్వడం ఇష్టం లేకపోతే పేజీలు ఫోటో తీసుకుని అక్కడే తిరిగిచ్చేస్తారు.